ముంజెయ్యి విరిగితే: పడ్డ నిమిషం నుంచి కట్టు విప్పేదాకా ఏం చేయాలి

వేసవి సెలవులు మొదలయ్యాయంటే ఉలవపాడు, కందుకూరు వైపు మామిడి తోటల నుంచి చెట్టు మీద నుంచి పడ్డ పిల్లలు వస్తారు. సంక్రాంతికి మిద్దె మీద గాలిపటాలు ఎగరేస్తూ పడ్డవాళ్ళు వస్తారు. వానలు పడితే రొయ్యల గుంట గట్టు మీద జారిన కూలీలు, పాచి పట్టిన బాత్రూంలో కాలు జారిన అవ్వలు. అందరూ చెప్పేది ఒకటే: పడేటప్పుడు చెయ్యి నేలకు ఆనించారు. అడిగే ప్రశ్నలు కూడా అవే. విరిగిందా, బెణికిందా? కట్టు సరిపోతుందా, ఆపరేషన్ కావాలా? నాటు కట్టుకు పుత్తూరు పోదామా? ఎముకల డాక్టరుగా ఇవి రోజూ వింటాను. ఒక్కొక్కరికి హడావిడిగా చెప్పేకన్నా తీరిగ్గా ఒకచోట రాద్దామనిపించింది.

ముందే ఒక మాట. విరిగిన ముంజేతి ఎముకలు చాలామందిలో అతుక్కుంటాయి, పిల్లల్లో అయితే ఇంకా తొందరగా. చెయ్యి శాశ్వతంగా పాడయ్యేది ఎక్కువగా బిగుసుకుపోయిన కట్టు వల్ల, ఆ కట్టు బయట ఉన్న వేళ్ళను ఎవరూ చూడకపోవడం వల్ల. అందుకే కింద వేళ్ళ గురించి పదేపదే చెబుతాను, విసుక్కోకండి.

ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. బొటనవేలి వైపుది రేడియస్, చిటికెన వేలి వైపుది అల్నా. అరచెయ్యి తిప్పినప్పుడు రేడియస్ అల్నా చుట్టూ తిరుగుతుంది. ఇంత తెలిస్తే చాలు.

దగ్గర ఉండాల్సినవి

నాలుగైదు రోజుల దినపత్రికలు లేదా ఒక లావుపాటి అట్ట, రెండు మెత్తటి తువ్వాళ్ళు, ఒక చున్నీ, కత్తెర, గుడ్డలో చుట్టిన ఐసు, పారాసిటమాల్, ఫోను. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పాత ఎక్స్‌రేలు ఏమైనా ఉంటే అవి.

1. ముట్టుకునే ముందు చూడండి

చొక్కా చెయ్యి పైకి లాగకండి, కత్తిరించండి. గాజులు, ఉంగరాలు, వాచీ, చేతికి కట్టిన తాడు వెంటనే తీసేయండి. గంట గడిచాక వాపు వచ్చి ఉంగరం దిగదు, కోయాల్సి వస్తుంది. "సెంటిమెంటు సార్, తియ్యం" అనేవాళ్ళుంటారు. ఎముక అతికాక మళ్ళీ వేసుకోవచ్చు.

చర్మం తెగి రక్తం కారుతుంటే, గాయం ఎంత చిన్నదైనా, లోపలి ఎముక బయటికి పొడుచుకువచ్చి మళ్ళీ లోపలికి పోయిందనే అనుకోండి. పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్ట్ ఏవీ పెట్టకండి. శుభ్రమైన గుడ్డ కప్పి బయలుదేరండి. పొలం బురద, గుంట నీళ్ళు తగిలిన గాయమైతే ఇంకా తొందరపడాలి. దాన్ని ఆపరేషన్ థియేటర్‌లో కడగాలి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత మంచిది, టెటనస్ ఇంజెక్షన్ కూడా కావాలి.

2. విరిగిందో లేదో అంచనా వేయండి

చెయ్యి వంకరగా కనిపిస్తే పరీక్ష అక్కర్లేదు, నేరుగా 3వ మెట్టుకు వెళ్ళండి. వంకర లేకపోతే ఇలా చూడండి.

మోచేతి దగ్గర మొదలుపెట్టి మణికట్టు దాకా ఒక్క వేలితో, అంగుళం అంగుళం మెల్లగా నొక్కుతూ రండి. ఎముక మీద ఒకేచోట "అబ్బా" అంటే అక్కడ విరిగి ఉండవచ్చు. తర్వాత మోచెయ్యి నడుముకు ఆనించి, గుళ్ళో తీర్థం పట్టినట్టు అరచెయ్యి పైకి తిప్పమనండి. తిప్పలేకపోయినా, నొప్పితో ఆగిపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే.

జనం ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే. "వేళ్ళు ఆడతా ఉండాయి సార్, విరిగుండదు" అంటారు. వేళ్ళు ఆడించే కండరాలు వేరు, ఎముక వేరు. రెండు ఎముకలూ విరిగినా వేళ్ళు ఆడుతాయి. వాపు లేదు కాబట్టి విరగలేదనుకోవడం కూడా తప్పే. చిన్నపిల్లల ఎముక పచ్చికొమ్మ లాంటిది. ఒక్కోసారి పుటుక్కున విరగదు, ఒకవైపు చీలి వంగుతుంది, లేదా మణికట్టు పైన చిన్నగా నొక్కుకుపోతుంది. పైకి పెద్దగా ఏమీ కనిపించదు. పిల్లవాడు ఆ చేత్తో బిస్కెట్ అందుకోవడం మానేశాడా అన్నదే మీకు ఆనవాలు.

ఒక మినహాయింపు ఉంది. ఒకటి నుంచి నాలుగేళ్ళ బిడ్డను చెయ్యి పట్టి లాగారు, లేదా చేతులు పట్టి గిరగిరా తిప్పారు, అప్పటి నుంచి చెయ్యి ఒంటికి ఆనించి కదపడం లేదు. పడలేదు, వాపు లేదు. అది చాలాసార్లు మోచేతి దగ్గర రేడియస్ తల కొంచెం జారడం. డాక్టరు ఒక్క నిమిషంలో సర్దుతారు, పావుగంటలో బిడ్డ ఆడుకుంటాడు. ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి, నూనె రాసి తోమించకండి. విరిగిన చేతిని తోమితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

3. అట్టకట్టు వేయండి

వంకర సరిచేయాలని లాగకండి. ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే కదలకుండా ఆపడం మీ పని.

దినపత్రికలను గట్టిగా మడిచి కాలువలా వంచండి. లోపల తువ్వాలు పరిచి, మోచెయ్యి దాటి అరచేతి మధ్య దాకా చెయ్యి అందులో పడేలా పెట్టండి. మణికట్టు దాకా మాత్రమే వేస్తే ఉపయోగం లేదు, పై కీలు, కింది కీలు రెండూ ఆగాలి. చున్నీ చీలికలతో మూడుచోట్ల కట్టండి, విరిగిన చోట మీద మాత్రం ముడి వేయకండి. ముడి కింద మీ చిటికెన వేలు దూరాలి. వేళ్ళ కొనలు తప్పక బయటికి కనిపించాలి. మిగిలిన చున్నీతో మెడకు ఊయల కట్టండి, చెయ్యి మోచేతికన్నా కాస్త పైకి ఉండాలి.

ఐసు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టవచ్చు, నేరుగా చర్మం మీద వద్దు.

నొప్పికి పారాసిటమాల్ ఇవ్వండి. పిల్లలకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. 20 కిలోల బిడ్డకు 300 మిల్లీగ్రాములు, అంటే 5 మి.లీ.లో 250 ఉండే సిరప్ అయితే 6 మి.లీ. సీసా మీద 120 లేదా 125 అని ఉంటే అది వేరే మోతాదు, లెక్క మారుతుంది, చూసి పోయండి. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. చెయ్యి వంకర పోయి ఉంటే మాత్రం దారిలో ఇడ్లీలు, పాలు పెట్టకండి. మత్తు ఇచ్చి సరిచేయాల్సి వస్తే ఆరు గంటలు ఖాళీ కడుపు కావాలి. "బిడ్డ నీరసపడతాడని" ఒంగోలు చేరేలోపు పెట్టిన రెండు ఇడ్లీల వల్ల, ఆ బిడ్డే ఆరు గంటలు నొప్పితో పడుకోవాల్సి వస్తుంది. మందు మింగడానికి గుక్కెడు నీళ్ళు ఫర్వాలేదు.

4. వేళ్ళ పరీక్ష నేర్చుకోండి

అట్టకట్టు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి, ఆస్పత్రిలో కట్టు వేశాక గంటగంటకీ.

గోరు నొక్కండి, తెల్లబడుతుంది. వదలండి. రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. రెండో చేతి గోరుతో పోల్చుకోండి. వేళ్ళు ముట్టుకుంటే రెండు చేతులూ ఒకేలా వెచ్చగా ఉండాలి. కళ్ళు మూయించి ఒక్కో వేలు ముట్టుకుని ఏ వేలో చెప్పమనండి.

తర్వాత నాలుగు ఆటలు: పిడికిలి పట్టమనండి, వేళ్ళు పూర్తిగా చాపమనండి, చూపుడు వేలు, మధ్య వేలితో కత్తెర చూపించమనండి, బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టమనండి. ఈ నాలుగూ చేస్తే చేతికి వెళ్ళే ముఖ్యమైన నరాలు పనిచేస్తున్నట్టే. రాయి, కాగితం, కత్తెర ఆట తెలిసిన పిల్లలు ఏడుస్తూనే చేసేస్తారు.

ఇప్పటికే వేళ్ళు చల్లబడి పాలిపోయినా, తిమ్మిరెక్కి స్పర్శ లేకపోయినా, గాయం తెరుచుకుని ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఊరి క్లినిక్‌లో ఆగకుండా శస్త్రచికిత్స చేయగలిగిన ఆస్పత్రికే పొండి. నెల్లూరు, ఒంగోలు రెండుచోట్లా ప్రభుత్వ సర్వజన ఆస్పత్రులున్నాయి. బైకు ప్రమాదమైతే ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పోలీసులకు తెలియజేస్తారని భయపడి "మెట్ల మీద పడ్డాను" అంటే తర్వాత ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది.

5. ఎక్స్‌రే సరిగ్గా తీశారా చూసుకోండి

మీరు డాక్టరు కాకపోయినా మూడు విషయాలు చూడగలరు. ఒకటి, రెండు వైపుల నుంచి తీయాలి: పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఒకే ఎక్స్‌రేలో తిన్నగా కనిపించే ఎముక రెండోదానిలో వంగి ఉండొచ్చు. రెండు, ఎక్స్‌రేలో మోచెయ్యి, మణికట్టు రెండూ కనిపించాలి. మూడు, పేరు, తేదీ, కుడా ఎడమా అన్నది ఉండాలి.

రెండోదాని మీద ఎందుకింత పట్టు అంటే, రెండు ఎముకలు పైన, కింద కలిసి ఉంటాయి. ఒకటి విరిగి కురచబడితే రెండోది విరగకపోయినా ఏదో ఒక కీలు దగ్గర తప్పుకుంటుంది. అల్నా విరిగి మోచేతి దగ్గర రేడియస్ తల జారితే దాన్ని మాంటేజియా ఫ్రాక్చర్ అంటారు. రేడియస్ కింది భాగం విరిగి మణికట్టు దగ్గర కీలు తప్పితే గలియాజ్జి. విరిగిన చోటు మాత్రమే ఎక్స్‌రే తీస్తే ఇవి తప్పిపోతాయి. నెలల తర్వాత మోచెయ్యి పూర్తిగా మడవలేక వచ్చే పిల్లల్లో కొందరు ఇలా తప్పిపోయినవాళ్ళే. "సార్, మోచెయ్యి కూడా పడిందా ఎక్స్‌రేలో?" అని అడగండి. డాక్టరు ఏమీ అనుకోరు, అనుకోకూడదు.

బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గరుండే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే అది స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక కావచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కట్టు వేసి 10 నుంచి 14 రోజులకు మళ్ళీ తీయాలి. ఎక్స్‌రే నార్మల్ అన్నారని కట్టు విప్పేసుకోకండి.

6. ఏ వైద్యం ఎవరికి

*పిల్లలకు.* మణికట్టు పైన ఎముక నొక్కుకుపోయి ఊరుకుంటే మూడు వారాలు స్ప్లింట్ (తీసి పెట్టుకోగల ఆసరా పట్టీ) చాలు. పచ్చికొమ్మలా వంగితే సరిచేసి నాలుగు నుంచి ఆరు వారాల కట్టు. రెండు ఎముకలూ విరిగి తప్పుకుంటే మత్తు ఇచ్చి సరిచేసి, మోచెయ్యి పైదాకా కట్టు. నిలవకపోతే, పెద్ద పిల్లలైతే, లోపల సన్నటి వంగే కడ్డీలు.

"ఎక్స్‌రేలో ఇంకా కొంచెం వంకరగానే ఉంది కదా" అని చాలామంది తల్లిదండ్రులు టెన్షన్ పడతారు. పదేళ్ళ లోపు పిల్లల్లో ముంజేతి నడుమ సుమారు 15 డిగ్రీల వంపును పెరుగుదలే సరిచేసుకుంటుంది, మణికట్టు దగ్గరైతే ఇంకొంచెం ఎక్కువ కూడా. కానీ ఎముక మెలి తిరిగి అతికితే అది సరికాదు. వయసు పెరిగేకొద్దీ ఈ వెసులుబాటు తగ్గిపోతుంది, పధ్నాలుగేళ్ళ వాడికి ఎనిమిదేళ్ళ వాడి లెక్క పనికిరాదు.

పిల్లల్లో తప్పనిసరి పని ఇంకొకటి: సరిచేసి కట్టు వేశాక మొదటి వారం, రెండో వారం ఎక్స్‌రే. వాపు తగ్గి కట్టు వదులై ఎముక మళ్ళీ జారేది అప్పుడే. ఆ రెండు వారాల్లో కనిపెడితే సరిదిద్దడం తేలిక. "నొప్పి లేదు కదా" అని నెల తర్వాత వస్తే అప్పటికే వంకరగా అతికి ఉంటుంది.

*పెద్దలకు.* నడుమ రెండు ఎముకలూ విరిగితే ప్లేట్లు, స్క్రూలు వేసే ఆపరేషనే మేలు. పెద్దలకు ఎముక వంకరను సరిచేసుకునే పెరుగుదల లేదు. కాస్త వంకరగా అతికినా అరచెయ్యి తిరగదు, ముద్ద నోటి దాకా పోదు. చీమకుర్తి క్వారీలో సుత్తి పట్టే మనిషికి, నారు నాటే మనిషికి ఆ తిప్పటమే బతుకుతెరువు. అల్నా ఒక్కటే విరిగి పెద్దగా తప్పుకోకపోతే కట్టుతోనే సరిపోతుంది. మణికట్టు దగ్గర విరిగితే వయసును, ఎంత తప్పుకుందన్నదాన్ని బట్టి ఉంటుంది. డెబ్బై ఏళ్ళ అవ్వకు అయిదారు వారాల కట్టు చాలాసార్లు సరిపోతుంది. ఎక్స్‌రే అందంగా లేకపోయినా ఆమె చెయ్యి పనిచేస్తుంది.

నిలబడ్డ ఎత్తు నుంచి పడి మణికట్టు విరిగిన యాభై దాటిన ఆడవాళ్ళు ఎముకల సాంద్రత పరీక్ష తప్పకుండా చేయించుకోండి. తర్వాత తుంటి విరగకుండా కాపాడుకునే అవకాశం అదే.

ఆపరేషన్ అన్నప్పుడు ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. డబ్బు కట్టాక కాదు, ముందే.

7. కట్టు వేశాక మొదటి 48 గంటలు

ఈ ఒక్క మెట్టు గుర్తుంటే మిగతావి మరిచినా క్షమిస్తాను.

చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉండాలి. పడుకున్నప్పుడు రెండు దిండ్ల మీద. వేళ్ళు గంటకు పదిసార్లు ముడిచి తెరవాలి. పిండికట్టు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ఈలోపు గట్టి అంచు మీద ఆనించకండి, నొక్కు పడుతుంది. వేసేటప్పుడు వేడిగా అనిపిస్తే కంగారు పడకండి, అది పిండి గట్టిపడే వేడి.

కట్టు లోపల కండ వాచి, చోటులేక, రక్తం అందక చచ్చిపోవడం ఉంది. దానికి నాలుగైదు గంటలు చాలు. గుర్తులు ఇవి: మందు వేసినా తగ్గకుండా పెరిగే నొప్పి, వేళ్ళు మీరు మెల్లగా చాపితే ముంజేతిలో భరించలేని నొప్పి, తిమ్మిరి, బిగుతు. వేళ్ళు నీలంగా, చల్లగా మారడం చివరి గుర్తు. దానికోసం ఎదురుచూడకండి.

నేను చదువుకునే రోజుల్లో ఒక ఎనిమిదేళ్ళ బాబుకు సాయంత్రం నేనే కట్టు వేశాను. రాత్రి పదకొండుకు వాళ్ళమ్మ వచ్చి "బిడ్డ ఏడుపు మానటం లేదయ్యా" అంది. గోళ్ళు చూశాను, ఎర్రగానే ఉన్నాయి. నొప్పి మందు ఇచ్చి పంపాను. ఒంటిగంటకు మళ్ళీ వచ్చింది. ఈసారి మధ్యవేలు పట్టుకుని కాస్త చాపాను, పిల్లవాడు వార్డంతా లేచేలా అరిచాడు. కట్టునూ, కింది దూదినీ చర్మం కనిపించేదాకా చీల్చాం. పావుగంటలో అమ్మ భుజం మీద నిద్రపోయాడు. ఆమె రెండోసారి రాకపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

కాబట్టి ఇలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగకండి. కట్టు వేసిన ఆస్పత్రి దూరమైతే దగ్గర్లో ఏ ఆస్పత్రికైనా వెళ్ళి చీల్చమనండి. పైన పిండి మాత్రమే కోసి దూది వదిలేస్తే లాభం లేదు, ఆ దూది కూడా రక్తానికి గట్టిపడి బిగుస్తుంది. చీల్చాక అరగంటలో నొప్పి తగ్గకపోతే వెంటనే ఆపరేషన్ చేసే చోటికి పోవాలి. ఎముక జారితే మళ్ళీ సరిచేయగలం. చచ్చిన కండను తేలేం.

8. నాటు కట్టు గురించి

మన వైపు వాళ్ళు దాచిపెట్టి అడుగుతారు, నేను దాచకుండా చెబుతాను. నమ్మకం తప్పని అనను. విరిగినా పక్కకు తప్పుకోని ఎముక ఎవరు కట్టినా అతుక్కుంటుంది, అందుకే అంత పేరు. కానీ వెదురు బద్దలతో బిగించిన కట్టుకు వాపు వస్తే సాగే చోటు ఉండదు. రెండు ఎముకలు విరిగి తప్పుకున్నా, కీలు జారినా, గాయం తెరుచుకున్నా ఆ కట్టు వద్దు. ఎంత చెప్పినా వెళ్ళేవాళ్ళు కనీసం రెండు కీళ్ళూ కనిపించే ఎక్స్‌రే ముందే తీయించండి. బస్సులో తిరుగు ప్రయాణంలో కూడా 4వ మెట్టులోని పరీక్ష మానకండి. వేలు చాపితే నొప్పి పుడితే ఇల్లు చేరకముందే కట్టు విప్పండి.

9. కట్టుతో రోజులు గడపడం

నెల్లూరు ఎండలకు కట్టు లోపల చెమట పట్టి దురద పుడుతుంది. పుల్ల, స్కేలు, జడపిన్ను దూర్చకండి, చర్మం గీరుకుని చీము పడుతుంది. కొబ్బరినూనె పోయకండి. ఫ్యాను గాలి కట్టు అంచుకు తగలనివ్వండి. స్నానానికి పాలిథిన్ కవరు కట్టి, చెయ్యి పైకెత్తి పోసుకోండి. కట్టు వదులైనా, మెత్తబడినా, దుర్వాసన వచ్చినా, ఒకేచోట మంటగా ఉన్నా వెళ్ళి చూపించండి. భుజం, వేళ్ళు రోజూ కదపండి. పెద్దవాళ్ళలో విరిగిన ముంజెయ్యి బాగై, కదపని భుజం బిగుసుకుపోవడం నేను చాలాసార్లు చూశాను.

10. కట్టు విప్పాక సరిచూసుకోండి

కోసే మిషన్ చప్పుడుకు పిల్లలు బెదిరిపోతారు. దాని బ్లేడు గిర్రున తిరగదు, అదురుతుంది. ముందుగా డాక్టరు తన అరచేతి మీద ఆనించి చూపిస్తే పిల్లలు ఊరుకుంటారు, అడగండి. లోపల చెయ్యి సన్నబడి, పొట్టు రాలుతూ, వెంట్రుకలతో ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి నూనె రాయండి, మర్దన మాత్రం వద్దు.

పిల్లలకు ఆటలే వ్యాయామం. పెద్దలు మోచెయ్యి నడుముకు ఆనించి, చేతిలో గరిటె నిలువుగా పట్టుకుని, ఒకసారి లోపలికి ఒకసారి బయటికి మెల్లగా తిప్పాలి. రోజుకు నాలుగుసార్లు, పదేసి. గరిటె బరువే సాగదీస్తుంది, ఇంకొకరు పట్టుకుని బలవంతంగా తిప్పకూడదు. చెయ్యి వాచి, నిగనిగలాడుతూ, ముట్టుకుంటేనే మంటపుడితే వ్యాయామం ఎక్కువైందనుకుని మానేయకండి, డాక్టరుకు చూపించండి. దానికి వేరే వైద్యం ఉంది.

రెండు ఎముకలు విరిగిన పిల్లలకు కబడ్డీ, చెట్లెక్కడం, సైకిల్ మూడు నెలలు వద్దు. అతికిన కొత్తలో అదే చోట మళ్ళీ విరగడం ఎక్కువ. పెద్దలకు బిందెలు, బస్తాలు మోయడం కూడా అంతే.

మూడో నెలలో అద్దం ముందు నిలబడి, రెండు మోచేతులూ నడుముకు ఆనించి రెండు చేతులతో తీర్థం పట్టండి. తర్వాత రెండూ బోర్లించండి. రెండు చేతులూ సమానంగా తిరిగితే వైద్యం కుదిరినట్టే. దెబ్బ తగిలిన చెయ్యి సగంలోనే ఆగిపోతే పాత ఎక్స్‌రేలన్నీ వరసగా పెట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మొదటి రోజుది కూడా మర్చిపోకుండా తీసుకెళ్ళండి.